శుక్రవారం కంచం

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదుల్లో పెద్దది ఇది: ఫోన్ చేస్తే నా ముఖం చూడడు, కంచం చూస్తాడు.

పెళ్లయి నాలుగేళ్లు. అందులో మేమిద్దరం కలిసి ఉన్నది ఆయన సెలవు మీద వచ్చినప్పుడే. మిగతా కాపురమంతా శుక్రవారం మధ్యాహ్నాల్లో, అరచేతిలో పట్టేంత తెర మీద జరిగింది. కొత్తలో నేను తలంటుకుని, పూలు పెట్టుకుని ఫోన్ ముందు కూర్చునేదాన్ని. "గట్ల కాదు నీలా, ఫోను జర కిందికి దించు," అనేవాడు. సిగ్గుపడుతూ దించితే ఇంకొంచెం దించమనేవాడు. చివరికి ఆయనకు కావలసింది కనబడేది: స్టీలు కంచంలో ఆవిర్లు కక్కుతున్న సన్నబియ్యం అన్నం.

"ఆఁ, గది! ఇప్పుడు నా కడుపు నిండింది," అనేవాడు.

రెండో ఫిర్యాదు, ఆయన జన్మలో తప్పు ఒప్పుకోడు. పెళ్లిచూపులకు మా ఇంటికి వస్తూ కోరుట్లలో సిరిసిల్ల బస్సు ఎక్కబోయి, నిజామాబాద్ బస్సెక్కి, మెట్‌పల్లిలో తేలాడు. మాది సిరిసిల్ల అవతల కోనరావుపేట. మా అమ్మ ఉప్మా వేడి చేసి చేసి చివరికి అది గోడలు అతికించే పదార్థం అయింది. సాయంత్రం దిగీ దిగగానే ఆయన అన్న మొదటి మాట: "బస్సుకు బోర్డు తప్పు పెట్టిండ్రు." డ్రైవరుదీ తప్పే, కండక్టరుదీ తప్పే, దారిలో అడ్డం వచ్చినందుకు మెట్‌పల్లిదీ తప్పే. నాకు నవ్వు ఆగలేదు. పిల్ల నవ్విందంటే ఒప్పుకున్నట్టేనని పెద్దలు లగ్గం ఖాయం చేశారు.

ఆయన పేరు దేవేందర్. పని సౌదీలో, పెద్ద బిల్డింగులకు బయట గొట్టాలు కట్టి నిచ్చెనల్లా నిలబెట్టడం. మా కోరుట్ల వైపు ఎక్కడికి పోయినా దుబాయి పోయిండనే అంటారు కాబట్టి మాది దుబాయోళ్ల ఇల్లు. అంతకుముందు గౌండ్లోళ్ల ఇల్లు. మా మామ హన్మండ్లు నడుముకు మోకు చుట్టుకుని తాళ్లెక్కి, అంటే తాటిచెట్లెక్కి, కల్లు దించేవాడు. "మా ఇంట్ల ఇద్దరం ఎక్కేటోళ్లమే బిడ్డా. నా కొడుకు ఇనుప చెట్టెక్కుతడు, గంతే ఫరక్," అనేవాడు.

అన్నం మీద ఆ పిచ్చికి ఒక కారణముంది. మా ఆయన చిన్నప్పుడు వరుసగా వానలు పడక ఇంట్లో పూటపూటా గట్కే అయింది. జొన్నల్ని బరకగా విసిరి ఉడికించేది గట్క. అది గిన్నెలో పెట్టుకుని కోరుట్ల బడికి పోతే తోటి పిల్లలు 'గట్కోడు' అని పేరు పెట్టారు. ఆ పేరు పదో తరగతి దాకా ఆయన వెంట నడిచింది. నా ఇంట్లో ఇంకెప్పుడూ గట్క ఉడకొద్దని అనుకుని విమానమెక్కాడు.

ఊళ్లో కూడా లెక్క అలాగే ఉండేది. దుబాయోళ్ల ఇంట్లో గట్క వాసన వచ్చిందంటే కొడుక్కు అక్కడ పని పోయిందని అర్థం. పెగడపల్లిలో ఒకరింటికి పిల్లను చూడ్డానికి వచ్చిన వాళ్లు పొయ్యి మీద జొన్న రొట్టె చూసి, నీళ్లు తాగకుండా లేచిపోయారని మా అత్త అంజవ్వ కథలా చెప్పేది. ఆ కథ చెప్పిన రోజు మాకు ఇంకో గరిటె అన్నం ఎక్కువ వడ్డించేది.

ఆ వానాకాలం మామ కాలిలో ఈతముల్లు దిగింది. చెట్లెక్కేవాళ్లకు ముల్లు కొత్తేం కాదు. కానీ ఆ పుండు మానలేదు. పసుపు పెట్టాడు, ఆకు పసరు పోశాడు, నా దగ్గర దాచాడు. చివరికి వాసన దాచలేకపోయాడు. జగిత్యాల తీసుకుపోతే డాక్టరమ్మ రక్తం చూసి, కాలు చూసి, మా ముగ్గురినీ చూసింది.

"షుగర్ మస్తుగున్నది పెద్దయ్యా. మూడు పూటల తెల్లన్నం తింటే గీ పుండు మానది. పూటకింత తగ్గించి జొన్న రొట్టో, గట్కో తినుండ్రి. కూర ఎక్కువ, పప్పు ఎక్కువ. గోళీలు ఇడవద్దు, కట్టు రోజూ మార్చాలె. నిర్లక్ష్యం చేస్తే ముందుగాల వేలు పోతది, ఎనుక కాలు."

"చెట్టెక్కుడు బంజెయ్యాల్నా, కల్లు తాగుడు బంజెయ్యాల్నా తల్లీ?" అన్నాడు మామ.

"రెండూ."

"ఒక్కటన్న నాకిడువు. ఏది ఇడుస్తవో నీ ఇష్టం."

డాక్టరమ్మ నవ్వింది. మా అత్త నవ్వలేదు. తిరుగు బస్సులో కిటికీ వైపు ముఖం పెట్టుకుని అంది: "గట్క పెట్టాల్నట! ఆమెకు దుబాయిల కొడుకు లేనట్టున్నడు."

"అత్తమ్మా, కాలు పోతదన్నది ఇన్నవా?"

"ఇన్న. నాకు చెవులున్నయి. సాయవ్వకు గూడ ఉన్నయి."

సాయవ్వ మా పక్కింటామె. మా గోడకు అవతల ఆమె, ఇవతల మేము. మాకున్న రహస్యాలన్నీ ఆ గోడ ఎత్తుకు లోబడినవే. రెండు రోజులు పట్టింది అత్త దిగిరావడానికి. దిగివచ్చి, ఒక షరతు పెట్టింది: "చేస్తె చెయ్యి గని సప్పుడు రావద్దు."

జొన్న రొట్టెను చప్పుడు లేకుండా చేయడం ఎవరివల్లా కాదు. అరచేత్తో తడుతూ తిప్పాలి. ఆ చప్పుడు మూడిళ్ల అవతలికి పోతుంది. నేను సిరిసిల్లలో డిగ్రీ చదివినదాన్ని. మూడేళ్లు బాటనీ చదివిన తెలివినంతా పెట్టి ఒక ఉపాయం కనిపెట్టాను. రొట్టె చేసేటప్పుడు టీవీ పెద్దగా పెట్టేదాన్ని. సీరియల్లో అత్త కోడలి చెంప మీద కొట్టే చప్పుడూ, నా రొట్టె చప్పుడూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. ఒకరోజు సాయవ్వ గోడ మీద నుంచి, "ఏం సీరియలే పిల్లా గది, పొద్దుగూకులు కొట్టుడే ఉన్నది?" అంది. "పెద్ద అత్తగారు సాయవ్వా, అసలే కనికరం లేదు," అన్నాను. లోపల మామ నోట్లో రొట్టె పెట్టుకుని దగ్గు వచ్చేలా నవ్వాడు.

శుక్రవారాలకు వేరే ఏర్పాటు. ఫోన్ కోసం ఒక కంచెడు తెల్లన్నం వండేదాన్ని. అది ముందు మామ చేతిలోకి పోయేది, తర్వాత నా చేతిలోకి, తర్వాత అత్త చేతిలోకి. అదే అన్నం, అదే కంచం. ముగ్గురి కడుపులూ నిండినట్టు చూసి మా ఆయన తన కంచం చూపించేవాడు. బిర్యానీ, పైన నిలువుగా కోడికాలు. "గిట్ల తింటున్న, ఫికరు చెయ్యకుండ్రి," అనేవాడు. చూపించగానే పక్క నుంచి ఎర్రరాయి ఉంగరమున్న చెయ్యి ఒకటి వచ్చి ఆ కంచాన్ని లాగేది. హోటల్లో పనివాడేమో అనుకున్నాను. ఇక్కడ మా కంచాన్ని చివరికి కోళ్లకు వేసేదాన్ని. మా ఊళ్లో సన్నబియ్యం తిని బలిసిన కోళ్లు మావే.

దసరా ముందు మామ ఒక మాటన్నాడు. "బిడ్డా, అంగట్ల కొనుడెందుకు? తాళ్ల కాడి అరెకరంల జొన్న చల్లుత."

తాటిచెట్ల పక్కన ఉన్న ఆ అరెకరంలో ఏటా రెండు పంటలూ వరే. అందరూ వరే. అందరివీ బోర్లే. ఒకరి బోరు ఇంకొకరి నీళ్లు గుంజుతూ, కిందటి యాసంగికి, అంటే ఎండాకాలం పంటకు, మా మోటారు నీళ్లకంటే గాలి ఎక్కువ పోసింది. జొన్నకు అదేం అక్కర్లేదు. వానలు వెనక్కి పోయాక భూమిలో మిగిలిన తడి, పొద్దున పడే మంచు చాలు. మందు కొట్టే పని లేదు. మామ పుండు వల్ల ఆ వానాకాలం నాటు పడక చేను ఖాళీగానే ఉంది. మామ కుంటుకుంటూ పోయి గింజలు చల్లించి వచ్చాడు.

"చొప్ప బర్రెకు. కంకులు పిట్టలకు. మిగిలితే నాకు," అన్నాడు.

"మరి నాకు?" అంది అత్త.

"నీకేందే, దుబాయి రాణివి. నీకు సన్నబియ్యముండె."

దీపావళికి పుండు అంచులు గులాబీ రంగుకు వచ్చాయి. జగిత్యాలలో డాక్టరమ్మ కట్టు విప్పి, "మంచిగ మానుతున్నది, ఇదే పద్ధతి నడిపియ్యుండ్రి," అంది. మామ పొద్దున్నే కర్ర పట్టుకుని చేను దాకా నడిచి వచ్చేవాడు. మోకాలంత పెరిగిన జొన్నను చూసి వచ్చి, అది తానొక్కడే కనిపెట్టిన పంట అన్నట్టు వర్ణించేవాడు. ఆ రెండు నెలలు మా ఇంట్లో అందరం కొంచెం పిల్లలమైపోయాం. అత్త కూడా, ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడు, రొట్టె ముక్క తుంచుకుని పప్పులో అద్దుకునేది.

కరెంటు పోయిన ఒక పొద్దున అంతా పోయింది. టీవీ ఆగింది. నా చెయ్యి ఆగలేదు. గోడ అవతల సాయవ్వ చీపురు ఆగడం నాకు వినిపించింది.

"అంజవ్వా!" అంది పిలుపు. "దేవేందర్ మంచిగున్నడా? పనున్నదా?"

"ఎందుకుండది! పనుండకనేనా గిన్ని మూటలు బియ్యం అచ్చింది!" అంది అత్త. కానీ ఆ గొంతు అప్పటికే ఓడిపోయింది.

ఆ మాట సాయవ్వ ఇంటి నుంచి మస్కట్‌లో ఉన్న ఆమె కొడుకు దాకా పోయింది. అక్కడి నుంచి సౌదీ పోవడానికి ఒక పూట పట్టింది. మా ఊరి మాటలకు వీసాలు అక్కర్లేదు. శుక్రవారం రాకముందే ఫోన్ మోగింది. మామ ముందు కంచంలో రొట్టె ఉంది. దాచే వ్యవధి లేదు.

మా ఆయన చాలాసేపు ఆ కంచాన్నే చూశాడు.

"గిదేంది బాపూ?"

"రొట్టెరా. డాక్టరమ్మ..."

"ఈడ నలుగుర్ల నా ఇజ్జత్ పోయింది. 'మీ ఇంట్ల గట్క తింటున్నరట, పైసలు పంపుతలేవా' అని అడుగుతున్నరు. నేను గీ ఎండల సచ్చేది మీరు గట్క తినేటందుకా?"

"జర నా మాట ఇను," అన్నాను నేను ఫోన్ అందుకుని. "బాపుకు పుండు మానుతున్నది. జొన్నలతోనే మానుతున్నది. కావాలంటే కట్టు విప్పి చూపిస్త."

"నువ్వు సదివిన సదువు మా బాపు మీద చూపియ్యకు. ఫోను బాపుకియ్యి." ఇచ్చాను. "బాపూ, ఇను. నా మీద ఒట్టు. ఇయ్యాల్టి సంది మూడు పూటల తెల్లన్నమే తినాలె. నువ్వు గట్క ముడితే, రొట్టె ముడితే, నన్ను సంపినట్టే."

మామ చెయ్యి రొట్టె మీదే ఆగింది. తర్వాత ఆ రొట్టెను జాగ్రత్తగా మడిచి, నా కంచంలో పెట్టాడు.

"మామా, ఫోన్ల ఒట్టు ఒట్టేంది? కోపంల అన్నడు. ఇడిసెయ్యి," అన్నాను ఆ సాయంత్రం.

ఆయన గోడకు వేలాడుతున్న మోకు వైపు చూశాడు. "ఆడు ఎంత మీదికెక్కుతడో ఎరుకేనా బిడ్డా? కింద చూస్తె మనుషులు చీమల లెక్క కనవడుతరట. తాడు మీద బతికేటోళ్లం మేం. మీదున్నోని పేరు మీద ఒట్టు వడ్డంక కిందున్నోడు తప్పుతడా?"

ఆ పూట పొయ్యి మీద తెల్లన్నమే పెట్టాను.

రెండు రోజులకు మా ఊరి బాలయ్య ట్రాక్టర్ చేను మీదికి వచ్చింది. మా ఆయన సౌదీ నుంచే మాట్లాడాడు. జొన్న తీసేసి నాటు వెయ్యాలి, యాసంగికి వరి పెట్టాలి. జొన్న అప్పటికి మనిషెత్తు పెరిగింది. ఇంకో వారం పది రోజుల్లో కంకులు తొంగిచూసేవి.

"నీ పెనిమిటే చెప్పిండమ్మా. నన్నేం జెయ్యమంటవు?" అన్నాడు బాలయ్య నా ముఖం చూడకుండా.

కోసినంత బర్రెకు కోశాం. మిగిలిందాన్ని నీళ్లు పెట్టి, ఇనుప చక్రాలతో బురదలో తొక్కించారు. పచ్చటి ఆకులు మునిగీ మునగక ఆ బురద మీద తేలుతుంటే పిట్టలు పైన తిరిగాయి. మామ ఒక తాటిచెట్టుకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. తిడతాడేమో అనుకున్నాను. "బాలయ్యా, తాళ్ల మొదట్ల జర పైలం. ఏర్లు తెగుతయి," అన్నాడు, అంతే.

ఆ తర్వాత మూడు పూటలా తెల్లన్నం. నేను చిన్న కంచం పెడితే అత్త పెద్దది తెచ్చేది. నేను కూర ఎక్కువ వేసి అన్నం తక్కువ వేస్తే, "నా కొడుకు పానంతోని ఆటలాడకు పిల్లా," అని ఇంకో గరిటె వేసేది. ఆమె చెడ్డది కాదు. భయపడింది. భర్త కాలు కళ్ల ముందుంది, రోజూ చూస్తోంది. కొడుకు కాళ్లు ఏ గొట్టం మీద ఉన్నాయో ఆమెకు కనబడదు. కనబడనిదాని భయం ఎక్కువ.

గోళీలు వేసుకుంటున్నా సంక్రాంతి పోయేసరికి పుండు మళ్లీ నోరు తెరిచింది. అంచులు గులాబీ నుంచి నీలానికి, నీలం నుంచి నలుపుకు తిరిగాయి. డాక్టరమ్మ, "తిండి మార్చిండ్రా?" అని అడిగితే మామ తల అడ్డంగా ఊపాడు. కొడుకు మీద మాట రానివ్వలేదు.

నేను కాలు ఫోటో తీసి పంపి, మా ఆయనకు ఫోన్ చేశాను. బతిమిలాడాను. ఎప్పుడూ బతిమిలాడే అలవాటు లేని నోరు నాది.

"ఒట్టు తీసెయ్యి. ఒక్క మాట. 'తీసేసిన బాపూ' అను చాలు. నీ మాట తప్ప ఎవల మాట ఇంటలేడు."

"ఫోటోల ఎక్కువ కనవడుతది," అన్నాడు.

"కాలు నల్లబడ్డది. వాసనస్తున్నది. ఫోటోల వాసన రాదు, అందుకే పంపలేకపోయిన."

ఆయన వెనక ఎవరో దగ్గుతున్నారు. "డాక్టర్ మంచిది కాదు. వేరే డాక్టర్‌కు చూపియ్యుండ్రి. అన్నం తింటే ఎవలన్న కరాబైతరా? దునియా మొత్తం తింటలేదా? నా తప్పంటవా ఇప్పుడు?"

"తప్పని ఎవలన్నరు? ఒట్టు తియ్యమన్న."

"తీస్తే తప్పు ఒప్పుకున్నట్టే గద," అని పెట్టేశాడు.

మరుసటి శుక్రవారం ఫోన్ రాలేదు. నేను చేస్తే స్విచ్ ఆఫ్. ఆ తర్వాత శుక్రవారం కూడా. అత్త వండిన కంచం ముందు పెట్టుకుని, ఫోన్‌ను చెంబుకు ఆనించి, అన్నం మీద పొర కట్టేదాకా కూర్చునేది.

వరి పొట్టకు వచ్చేసరికి బోరు చేతులెత్తేసింది. మోటారు వేస్తే గొట్టంలోంచి గాలి, కొంచెం ఎర్రమట్టి. పక్కవాళ్లు ఇంకా లోతుకు వేశారు, మాది ఇంకా కిందికి పోయింది. అరెకరం ఎండిపోయి, నెర్రెలు బారింది. అదే వారం మామను కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. మోకాలి కింద తీసేశారు. ఏ కాలు కొసన ఈతముల్లు దిగిందో, ఏ కాలు పట్టుతో ముప్పై ఏళ్లు తాళ్లెక్కాడో, ఆ కాలు.

దవాఖాన ముందు రోడ్డు మీద ఒకామె పొయ్యి పెట్టి జొన్న రొట్టెలు చేస్తోంది. కార్లు ఆపి, అద్దాలు దించి కొనుక్కుపోతున్నారు. ఒకాయన మెడలో బంగారు గొలుసుంది, చేతిలో షుగర్ గోళీల సంచి ఉంది. రొట్టె తడుతున్న చప్పుడు రోడ్డంతా వినిపిస్తోంది. ఆమె దాన్ని దేంతోనూ కప్పడం లేదు.

మా అత్త ఆ పొయ్యి ముందు నిలబడిపోయింది. "కార్లోళ్లు..." అంది. ఇంకేదో అనబోయి, కొంగు నోట్లో కుక్కుకుంది. అనడానికి నా దగ్గర మంచి మాటలే ఉన్నాయి, పదునైనవి. ఆమె భుజాలు చూసి మింగేశాను.

ఇంటికి తెచ్చాక మామ మొదటి పూట అడిగింది తెల్లన్నమే. "ఇంకెందుకు మామా?" అన్నాను. ఇంకో కాలి మీద కూడా అప్పటికే చిన్న మచ్చ ఉంది. డాక్టర్లు దాన్ని చూపించి మరీ పంపారు. ఆయన కంచం దగ్గరికి లాక్కున్నాడు.

రోహిణి కార్తె ఎండల్లో హైదరాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి, ఎవరిదో ఫోన్ నుంచి, మా ఆయన గొంతు. "అస్తున్న," అన్నాడు. అంతే. నేను కాలి సంగతి చెప్పలేదు. ఫోన్లో చాలా పనులు చేశాం మేము. ఇది మాత్రం చేయబుద్ధి కాలేదు.

మరునాడు మధ్యాహ్నం కోరుట్ల నుంచి ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. అత్త ఉరికి, ఆటో వెనక్కి తొంగిచూసింది. దుబాయి నుంచి వచ్చేవాళ్ల వెంట తాడుతో బిగించిన పెద్ద డబ్బా ఉంటుంది, పైన పేరు రాసి ఉంటుంది. డబ్బా లేదు. ఆయన చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. చెంపలు లోపలికి పోయాయి. గడ్డంలో తెల్ల వెంట్రుకలు. ఫోన్ అద్దంలోంచి బయటికి వచ్చిన మనిషిలా లేడు. అద్దం పగిలి పడ్డట్టున్నాడు.

పందిరి కింద మంచం మీద ఉన్న తండ్రిని చూశాడు. దుప్పటి ఒక చోట ఎత్తుగా ఉండి, ఆ తర్వాత సాపుగా ఉంది.

"బాపూ... కాలేది?"

"కూసో కొడుకా, ఎండలకెల్లి అచ్చినవు. ముందుగాల నీళ్లు తాగు," అన్నాడు మామ.

ఎవరూ అడగకుండానే మా ఆయన, గోడకు ఆనుకుని కూర్చుని, నేలను చూస్తూ చెప్పాడు. వానాకాలంలోనే కంపెనీ మూతపడిందట. ఇంటికి చెప్పలేక, కాగితాలు లేకుండా దాక్కుని ఎక్కడ పని దొరికితే అక్కడ చేశాడట. అలాంటి వాళ్లను అక్కడ కల్లివెల్లి అంటారు. ఆ తర్వాత పోలీసులు పట్టుకుని లోపల వేశారట. అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష పెడితే, పాస్‌పోర్టు బదులు ఇచ్చే ఔట్‌పాస్ మీద పంపించారట.

"మరి బిర్యానీ తింటుంటివి గదరా," అంది అత్త. ఆమెకు ఇంకా ఒక్క ఆధారం కావాలి.

"పక్క రూమోనిది అవ్వా. మీకు సూపిచ్చి ఇచ్చేస్తుంటి."

"ఉంగరం చెయ్యి?" అన్నాను నేను.

"ఆనిదే. సల్లారిపోతదని గుంజుకునేటోడు."

"నువ్వేం తింటుంటివి?"

"కుబ్బూస్ రొట్టె. ఉల్లిగడ్డ. ఉంటే పెరుగు."

అటు నుంచి ఒకరి కంచం, ఇటు నుంచి కోళ్ల కంచం. శుక్రవారం శుక్రవారం మేము ఒకరికొకరం చూపించుకున్నది అదీ.

నేను వంటింట్లోకి పోయాను. అక్కడ ఒక డబ్బాలో జొన్నపిండి ఉంది. బాలయ్య ట్రాక్టర్ తాళ్ల మొదళ్ల దగ్గర తిరగలేక వదిలేసిన నాలుగు కర్రలకు కంకులు పట్టాయి. పిట్టలు తిన్నాక మిగిలినవి కోసి, విసిరి, పిండి చేసి ఉంచాను. ఎవరి కోసమని అడిగితే చెప్పలేను. వేడినీళ్లు పోసి పిసికాను. టీవీ పెట్టలేదు. పీట మీద ముద్ద పెట్టి తట్టడం మొదలుపెట్టాను, ఎంత గట్టిగా వస్తే అంత గట్టిగా. గోడ అవతల సాయవ్వ ఇంట్లో మాటలు ఆగిపోయాయి. అత్త గడపలో నిలబడి విన్నది. ఆపమనలేదు.

మా ఆయన లోపలికి వచ్చాడు. పెనం మీద రొట్టెను చూశాడు. దాన్ని చేత్తోనే తీసుకుని, వేళ్లు కాలుతుంటే ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ మంచం దగ్గరికి పోయాడు. ఒక ముక్క తుంచి తండ్రి నోటి దగ్గర పెట్టాడు.

మామ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "వద్దు కొడుకా. ఒట్టున్నది."

"ఇంకానా?" అన్నాడు మా ఆయన. "కాలు పోయినంక గూడనా బాపూ?"

"కాలు పోతే పోయింది తియ్యి," అన్నాడు మామ. "నువ్వు కిందికి దిగచ్చినవు గద, పానంతోని."

మా ఆయన మంచం పక్కన నేల మీద కూలబడి, దుప్పటి సాపుగా ఉన్న చోట తల పెట్టాడు. లోపల్నుంచి రాక రాక వచ్చిన గొంతు అది. పక్కింటికి వినబడింది, దారిన పోయేవాళ్లకు వినబడింది.

"తప్పు నాదే బాపూ. డాక్టర్‌ది గాదు, నీలది గాదు. నాదే తప్పు. ఒట్టు తీసేసిన. తీసేసిన బాపూ, ఇగ తిను."

మామ చాలాసేపు కొడుకు తల మీద చెయ్యి వేసి ఉంచాడు. తర్వాత నోరు తెరిచాడు. నమిలాడు. కళ్ల నుంచి నీళ్లు కారి గడ్డం దాకా వచ్చాయి, అయినా నమలడం ఆపలేదు. అత్త వచ్చి ఇంకో ముక్క తుంచి పప్పులో అద్ది ఇచ్చింది.

నేను గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాను. మా ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. నాలుగేళ్లలో మొదటిసారి, నా చేతిలో కంచం ఉందో లేదో చూడకుండా, ముఖం చూశాడు.

"నీలా," అన్నాడు, ముక్కు తుడుచుకుంటూ. "ఆ దినం బస్సు బోర్డు సరిగనే ఉండె. నేనే తప్పెక్కిన."